ముందు గుడ్డ, తర్వాత సీసా: ఇంట్లో కారు కడుక్కునేవాళ్లకు

నల్లరంగు కారును ఎండలో కాస్త పక్కనుంచి చూడండి. వెలుగు పడిన చోట చుట్టూ సాలెగూడులాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. వీటిని స్వర్ల్ మార్కులు అంటారు. రోడ్డు మీద రాళ్లు తగిలి పడినవి కావివి. దాదాపు అన్నీ కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ పడినవే. బాడీ మీది దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. వాటిని నీళ్లతో వదిలించకుండా గుడ్డ వేసి రుద్దితే ఆ రేణువు గుడ్డ కింద ఇరుక్కుని, చెయ్యి ఎటు తిరిగితే అటు గీసుకుంటూ పోతుంది. తెల్ల కార్ల మీద కంటికి ఆనవు గానీ అక్కడా ఉంటాయి.

అందుకే సామాన్లు కొనబోయేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇది. పెయింటు మీద ఏం పోస్తున్నాం అన్నదానికన్నా పెయింటుకు ఏం తగులుతోంది అన్నది ముఖ్యం. డబ్బు ముందు మిట్ (చేతికి తొడుక్కుని కారు రుద్దే తొడుగు) మీదా టవళ్ల మీదా పెట్టండి. మిగతా సీసాలు అవసరాన్నిబట్టి ఒక్కొక్కటిగా తెచ్చుకోవచ్చు.

కారు పెయింటు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అందులో పైపొర అయిన క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మెరుపంతా ఆ పొరదే. కింది రంగును ఎండ దెబ్బనుంచి కాచేదీ అదే. పాలిష్ పట్టించిన ప్రతిసారీ అందులోంచి కొంత తరిగిపోతుంది, మళ్లీ రాదు. గీతలు పడ్డాక తీయించుకోవడం కన్నా పడకుండా చూసుకోవడమే లాభమని ఇందుకే అంటున్నాను. రోజూ పొద్దున్నే పొడి గుడ్డతోనో కుచ్చుల డస్టర్‌తోనో కారంతా దులిపే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. దుమ్ము పట్టిన కారు వారం పాటు అలాగే ఉన్నా పెయింటుకు ఏమీ కాదు. పొడి గుడ్డతో వారం రోజులు తుడిస్తే మాత్రం తప్పకుండా అవుతుంది.

చేతిలో ఏముండాలి

స్పాంజి వద్దు. దాని ముఖం చదునుగా ఉంటుంది, ఇసుక రేణువు లోపలికి పోవడానికి చోటుండదు, పెయింటుకీ స్పాంజికీ మధ్యే నలుగుతుంది. పొడుగాటి పోగులున్న మైక్రోఫైబర్ మిట్ గానీ ఉన్ని మిట్ గానీ వాడితే రేణువులు పోగుల మధ్యకు వెళ్లిపోతాయి, నీళ్లలో జాడిస్తే రాలిపోతాయి. రెండు మిట్‌లు కొనండి. ఒకటి బాడీ పైభాగానికి, ఇంకోటి డోర్ల కింది భాగానికీ బంపర్లకూ. చక్రాలకు వేరే బ్రష్, వేరే గుడ్డ. అవి పెయింటు దగ్గరికి ఎప్పుడూ రాకూడదు.

మైక్రోఫైబర్ టవళ్లు కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి. మొదటిది పాలియెస్టర్, పాలియమైడ్ పాళ్లు. 80:20 పనికొస్తుంది, 70:30 ఇంకా మెత్తగా ఉండి నీళ్లు బాగా పీలుస్తుంది. రెండోది జీఎస్ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. అద్దాలకు 200 నుంచి 300 ఉన్న పొట్టిపోగు గుడ్డ చాలు. కారు లోపలి పనులకూ వాక్స్ తుడవడానికీ 300 నుంచి 400. నీళ్లు ఆరబెట్టే పెద్ద టవల్ 600 పైన ఉంటే రెండుసార్లలో కారు మొత్తం ఆరిపోతుంది. జీఎస్ఎం ఎక్కువైతే అన్నిటికీ మంచిదనుకోవద్దు. మందపాటి టవల్‌తో అద్దం తుడిస్తే చారలు మిగులుతాయి. కొత్త టవల్‌కు కుట్టిన లేబుల్ ఉంటే కత్తిరించి పారేయండి, దాని అంచు నల్ల పెయింటు మీద గీత పెట్టగలదు. కొత్తవాటిని ఒకసారి ఉతికాకే వాడాలి. మొదట్లో నూగు రాలుతుంది.

15 నుంచి 20 లీటర్లు పట్టే బకెట్లు రెండు కావాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. రెండో బకెట్ అడుగున గ్రిట్ గార్డ్ అనే జల్లెడ పళ్లెం వేస్తే మిట్ నుంచి రాలిన ఇసుక కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది, మళ్లీ పైకి లేవదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన వాక్స్ కొని గ్రిట్ గార్డ్ దగ్గర వెనకాడుతుంటారు. నేనైతే గ్రిట్ గార్డే ముందు కొనమంటాను.

షాంపూ, కొలతలు

కారు షాంపూ పీహెచ్ 7 దరిదాపుల్లో, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా ఉండాలి. అలాంటిది ముందు పట్టించిన వాక్స్‌ను లాగేయకుండా మురికిని మాత్రమే వదిలిస్తుంది. దాని అసలు పని జారుడుతనం ఇవ్వడం. మిట్ పెయింటు మీద ఒరుసుకోకుండా జారాలి. నురగ ఎంత వచ్చిందన్నది రెండో విషయం.

గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డును కోయడానికి తయారైనది. కారు మీదా అదే చేస్తుంది. వాక్స్ పోతుంది, జారుడుతనమూ తక్కువే. బట్టల సబ్బుపొడి ఇంకా ఘాటు, పీహెచ్ 10 దరిదాపుల్లో ఉంటుంది. నీళ్లలో పూర్తిగా కరగని పలుకులు మిట్‌కు అంటుకుంటే అవీ గీసేవే. తలకు రాసుకునే షాంపూల్లో జుట్టు కోసం వేసిన కండిషనర్లు అద్దాల మీద పొరలా మిగులుతాయి.

సీసా మీద 1:500 అని ఉంటే 10 లీటర్ల నీళ్లకు 20 మి.లీ. అని అర్థం. మూతలతో అంచనా కట్టకండి. మందుల సీసాతో వచ్చే కొలత కప్పు ఒకటి సామాన్లలో పెట్టుకుంటే చాలు. ఎక్కువ పోస్తే బాగా శుభ్రపడుతుందన్నది భ్రమ. ఎక్కువైన షాంపూ కడిగినా పూర్తిగా పోదు. నల్ల ప్లాస్టిక్ మీదా అద్దాల అంచుల్లోనూ తెల్లగా ఆరుతుంది. వాక్స్ పనిచేయడం లేదనిపించేలా నీళ్లు బొట్లు కట్టకుండా పరుచుకుంటాయి.

సీటు గుడ్డల నుంచి టైర్ల దాకా వాడే ఆల్ పర్పస్ క్లీనర్‌ది వేరే లెక్క. 1:10 అంటే ఒక పాలు క్లీనర్, పది పాళ్లు నీళ్లు, మొత్తం పదకొండు పాళ్లు. 500 మి.లీ. స్ప్రే సీసాలో 45 మి.లీ. క్లీనర్ పోసి మిగతాది నీళ్లతో నింపాలి. 1:4 అయితే 100 మి.లీ.కి 400 మి.లీ. నీళ్లు. సీటు గుడ్డలకూ డోర్ ప్యాడ్లకూ 1:10, టైర్లకు 1:4. ముందు నీళ్లు పోసి తర్వాత క్లీనర్ కలపండి, నురగ పొంగదు. కలిపిన రోజే సీసా మీద పేరూ పాళ్లూ రాసి అంటించండి. కూల్‌డ్రింక్ సీసాల్లో ఏదీ నిల్వ పెట్టొద్దు. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

నురగ గన్ వాడేవాళ్లకు ఒక మాట. గన్ తన సీసాలోని మిశ్రమాన్ని మళ్లీ నీళ్లతో కలిపి కొడుతుంది. సీసాలో 100 మి.లీ. షాంపూకు 900 మి.లీ. నీళ్లు కలిపితే, బాడీ మీద పడేసరికి అది సుమారు 1:100 దాకా పలచబడుతుంది. నురగ నీళ్లలా కారిపోతుంటే షాంపూ పెంచే ముందు గన్ మీది మర తిప్పి చూడండి. గన్ లోపలి జాలీ పూడుకుపోయినా నురగ పలచబడుతుంది. వెచ్చటి నీళ్లలో నానబెట్టి శుభ్రం చేస్తే మళ్లీ దారిలో పడుతుంది.

కడిగే వరస

బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలితే ఆగండి. వేడి రేకు మీద షాంపూ నిమిషంలో ఆరి మరకవుతుంది. నీడలో, ఇంజిన్ చల్లారాకే మొదలుపెట్టాలి.

చక్రాలు ముందు. వాటి మురికి పెయింటు మీద చిందినా తర్వాత ఎలాగూ కడుగుతాం. పైగా బాడీ తడిపి చక్రాల దగ్గర కూర్చుంటే పైన నీళ్లు ఆరిపోయి మరకలవుతాయి. ఆ తర్వాత బాడీ మీద నురగ గానీ, పలచటి ప్రీవాష్ (మిట్ పెట్టేముందు మురికిని నానబెట్టే ద్రావణం) గానీ కింది నుంచి పైకి కొట్టి 3 నుంచి 5 నిమిషాలు వదిలేయండి. ఆరనివ్వకుండా పైనుంచి కిందికి నీళ్లతో కడిగేయండి. చెయ్యి తగలకుండా పోయే ఇసుకంతా ఈ దశలో పోవాలి. మొత్తం పనిలో గీతలను ఎక్కువగా తప్పించేది ఇదే. ప్రెషర్ వాషర్ అయితే 25 లేదా 40 డిగ్రీల నాజిల్ పెట్టి, కనీసం 30 సెంటీమీటర్ల దూరంనుంచి కొట్టాలి. పెయింటు ఊడిన అంచులకూ, స్టిక్కర్లకూ, రబ్బరు బీడింగ్‌కూ ఇంకా దూరం. జీరో డిగ్రీల నాజిల్ కారుకు అసలు పనికిరాదు.

ఇప్పుడు మిట్. షాంపూ బకెట్లో ముంచి టాప్‌తో మొదలుపెట్టండి, తర్వాత అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైసగం. చివర కింది భాగాలు. చెయ్యి గుండ్రంగా తిప్పకుండా తిన్నగా, మిట్ బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా జరపాలి. ఒక ప్యానెల్ అవగానే మిట్‌ను మామూలు నీళ్ల బకెట్లో గ్రిట్ గార్డ్ మీద రుద్ది, పిండి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. నీళ్లు మట్టిరంగులోకి తిరిగితే మార్చేయాలి.

నీళ్లు తక్కువున్నచోట రిన్స్‌లెస్ వాష్ (తుడిచాక నీళ్లతో కడగక్కర్లేని ద్రావణం) మంచి దారి. చాలావాటికి 1:256 పాళ్లు, అంటే 10 లీటర్లకు 40 మి.లీ. అందులో ముంచిన టవల్‌తో తుడిచి, పొడి టవల్‌తో ఆరబెట్టడమే, మళ్లీ కడగక్కర్లేదు. టవళ్లు ఏడెనిమిది ఉండాలి, ప్రతి ప్యానెల్‌కూ కొత్త మడత తిప్పాలి. ముందే అదే ద్రావణాన్ని ప్యానెల్ మీద స్ప్రే చేసి నాననివ్వాలి. బురద పట్టిన కారుకు మాత్రం ఇది సరిపోదు. గట్టి బురదను నీళ్ల ధారతోనే దించాలి.

ఆరబెట్టడం దగ్గర చాలామంది తొందరపడతారు. పైపు చివర నాజిల్ తీసేసి, తక్కువ ధారతో టాప్ మీంచి నీళ్లు మెల్లగా వదలండి. నీళ్లు పరదాలా జారుతూ బొట్లను కూడా లాక్కుపోతాయి. తర్వాత పెద్ద టవల్‌ను బానెట్ మీద పరిచి, రెండు కొనలు పట్టుకుని మెల్లగా లాగండి. రుద్దొద్దు. అద్దాల కింద, డోర్ హ్యాండిళ్లలో, నంబర్ ప్లేట్ వెనక దాగిన నీళ్లు తర్వాత కారుతాయి, వాటికి చిన్న టవల్ ఒకటి పక్కన ఉంచుకోండి. చివరగా కారును కొద్దిదూరం నడిపి రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకులు వేస్తే డిస్కులు ఆరతాయి. రాత్రికి వాటి మీద ఎర్రటి తుప్పు పొర కనిపించినా కంగారు పడనక్కర్లేదు, మళ్లీ నడపగానే పోతుంది.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే బొట్టు ఆరిన చోట తెల్లటి వలయం మిగులుతుంది. షాంపూతో అది పోదు. తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి గుడ్డకు అద్ది, మరక మీద ఒక నిమిషం ఉంచి, బాగా కడిగేయాలి. ఆరనివ్వకూడదు. పాలిష్ చేసిన వట్టి అల్యూమినియం భాగాలకు తగలనివ్వకూడదు. అప్పటికీ వలయం పోలేదంటే మరక క్లియర్ కోట్‌ను తినేసిందన్నమాట. ఇక అది పాలిష్ పనే.

షాంపూకు లొంగనివి

కడిగి ఆరబెట్టిన బానెట్ మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని వేళ్లు మెల్లగా జరపండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది. పలుకులు పలుకులుగా తగిలితే పెయింటుకు ఏవో అతుక్కుని ఉన్నాయని అర్థం. అవేమిటో తెలిస్తే ఏ సీసా కావాలో తేలిపోతుంది. అన్నిటికీ ఒకటే మందు అని అమ్మేవాటి జోలికి నేను పోను.

బ్రేకులు వేసినప్పుడల్లా ప్యాడ్లూ డిస్కులూ అరిగి సన్నటి ఇనుప పొడి రాలుతుంది. వేడిమీద ఎగిరి పెయింటులో దిగబడి అక్కడే తుప్పు పడుతుంది. తెల్ల కారు మీద నారింజరంగు చుక్కలు ఇవే. దీనికి ఐరన్ రిమూవర్. చాలావాటిలో ఉండేది థయోగ్లైకొలేట్ లవణం. ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరుగుతుంది. చల్లటి ప్యానెల్ మీద కొట్టి, 3 నుంచి 5 నిమిషాలకు ఊదా చారలు కారడం మొదలయ్యాక కడిగేయాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, గాలి ఆడేచోట చేతితొడుగులు వేసుకుని చేయండి. రంగు మారలేదంటే మందు చెడిపోయిందని కాదు, అక్కడ ఇనుము లేదు. మళ్లీ మళ్లీ కొట్టి సీసా ఖాళీ చేయక్కర్లేదు.

తారు చుక్కలకు ఈ మందు పనికిరాదు. తారు పెట్రోలియం జిడ్డు, దాన్ని కరిగించేదీ పెట్రోలియం ద్రావకమే. టార్ రిమూవర్‌ను గుడ్డకు అద్ది చుక్క మీద అరనిమిషం ఆనించి, కరిగాక ఒక్కసారి తుడిచి, ఆ చోటును షాంపూతో కడిగేయాలి. గోరుతో గీకితే తారుతోపాటు క్లియర్ కోట్ మీదా గీత పడుతుంది.

పక్షి రెట్ట, చచ్చిన పురుగులు ఆలస్యానికి ఆగవు. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు పెయింటు వేడెక్కి మెత్తబడుతుంది, రెట్ట ఆరి బిగుసుకుంటుంది, గంటల్లోనే కింద మచ్చ పడొచ్చు. తడిపిన టిష్యూను దాని మీద ఐదు నిమిషాలు పరిచి ఉంచి, నానాక పైకి ఎత్తేయండి. అందులో గింజల పెంకులూ ఇసుకా ఉంటాయి కాబట్టి పక్కకు తుడవొద్దు. చెట్ల బంక గట్టిపడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డను కాసేపు ఆనించి ఉంచాలి.

ఇవన్నీ అయ్యాక కూడా గరుకు మిగిలితేనే క్లే బార్, అంటే అతుక్కున్న పలుకులను లాగేసే బంకమట్టిలాంటి ముద్ద. వరస ముఖ్యం. ఇనుమూ తారూ ముందే పోగొట్టకపోతే క్లే వాటినే పెయింటు మీద ఈడ్చుకుంటూ పోతుంది. ఫైన్ గ్రేడ్ చాలు. 50 గ్రాముల ముక్కను చేతిలో పిసికి, మూడు వేళ్ల వెడల్పున బిళ్లలా చేసుకోండి. అరమీటరు చదరంలో లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి, బిళ్లను ఒత్తకుండా తిన్నగా జరపండి. మొదట టకటకమని తగులుతూ శబ్దం వస్తుంది, కాసేపటికి నున్నగా జారుతుంది. అక్కడ పని అయిపోయినట్టే. బిళ్ల తిప్పి చూస్తే గోధుమరంగు మురికి కనిపిస్తుంది, దాన్ని లోపలికి మడిచి కొత్త ముఖం పైకి తెచ్చుకోవాలి. కింద పడితే ఎంత కొత్తదైనా పారేయాలి. క్లే పట్టిన చోట పాత వాక్స్ పోతుంది, మసకగా సన్నటి గీతలూ పడొచ్చు. కాబట్టి తర్వాత పాలిషో, కనీసం వాక్సో ఉండాల్సిందే. ప్రతి వాష్‌కూ చేసే పని కాదిది, ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ కవరు పరీక్షలో తేలితేనే.

పాలిష్

చేత్తో పాలిష్ పట్టి స్వర్ల్ మార్కులు పూర్తిగా తీయడం చాలా కష్టం. చేతి పాలిష్ తర్వాత గీతలు మాయమైతే చాలాసార్లు అందులోని ఫిల్లర్లు గీతల్ని నింపాయంతే. నాలుగు వాష్‌లకు తిరిగొస్తాయి. నిజంగా తీయాలంటే డ్యూయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే పాలిషర్) కావాలి. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మెషిన్ కొత్తవాళ్లకు వద్దు, ఒకేచోట వేడి పుట్టించి పెయింటు కాల్చేస్తుంది.

ముందు అరమీటరు చదరంలో పరీక్ష చేయండి. మెత్తటి ప్యాడ్, ఫైన్ పాలిష్‌తో మొదలుపెట్టి, అది చాలకపోతేనే ఇంకా గరుకైన కాంపౌండ్ వైపు వెళ్లాలి. 5 అంగుళాల ప్యాడ్‌కు బఠానీగింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. మెషిన్ ఆపి ఉన్నప్పుడే వాటిని ప్యానెల్ మీద పులిమి, అప్పుడు ఆన్ చేయాలి. లేకపోతే గోడల దాకా చిందుతుంది. అడ్డంగా, నిలువుగా, సగం సగం కలిసేలా నాలుగు సార్లు, చెయ్యి మెల్లగా జరగాలి. బానెట్ అంచులు, డోర్ల మీది మడతగీతల దగ్గర క్లియర్ కోట్ పలచగా ఉంటుంది. అక్కడ మాస్కింగ్ టేప్ వేయండి. క్లియర్ కోట్ ఉన్న కారులో ప్యాడ్‌కు కారు రంగు అంటుకుందంటే పైపొర పోయి రంగుపొర తగిలిందని అర్థం, వెంటనే ఆపాలి. మ్యాట్ పెయింటుకు పాలిష్ అసలు లేదు. పట్టిస్తే ఆ చోటు మెరిసి మచ్చలా మిగిలిపోతుంది.

పైపూత

వాక్సా, సీలెంటా, సిరామిక్కా అన్న ప్రశ్నకు జవాబు మీరు ఎంత తరచుగా పని చేయగలరన్నదాన్ని బట్టి ఉంటుంది. కార్నౌబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులనుంచి వస్తుంది. ముదురు రంగులకు మంచి నిగారింపు ఇస్తుంది, ఒకటి రెండు నెలలు ఉంటుంది. కృత్రిమంగా తయారుచేసే పాలిమర్ సీలెంట్ మూడు నుంచి ఆరు నెలలు. రెండిటికీ ఒకటే సూత్రం: ఎంత పలచగా పూస్తే అంత మంచిది. మందంగా పూసిందంతా తుడిచేటప్పుడు టవల్‌కే పోతుంది, పైగా చారలు. నల్ల ప్లాస్టిక్‌కు వాక్స్ అంటితే తెల్లగా ఆరి వదలదు, ముందే టేప్ వేయండి.

పెయింటు మీద గట్టి పొరగా ఆరే సిరామిక్ కోటింగ్ ఏళ్లు నిలుస్తుంది. కానీ దాని గురించి వినిపించే మాటల్లో సగం నమ్మొద్దు. 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్షలోని అంకె. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలమానంతో దానికి సంబంధం లేదు. కోటింగ్ ఉన్నా పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, రాయి తగిలితే పెయింటు లేస్తుంది, ఉప్పు నీళ్ల బొట్టు ఆరితే మరకా పడుతుంది. అది ఇచ్చేది మురికి తొందరగా పట్టకపోవడం, పట్టినది సులువుగా వదలడం, నిగారింపు ఎక్కువకాలం ఉండడం.

ఇంట్లోనే వేసుకోవాలంటే కష్టమంతా ముందు పనిలోనే ఉంది. కోటింగ్ కింద ఉన్న గీత అలాగే ఏళ్లపాటు ఉండిపోతుంది. పాలిష్ నూనెలు పోవడానికి 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి ప్రతి ప్యానెల్ తుడవాలి. మూసిన నీడలో, దుమ్ము లేనిచోట, అరమీటరు చదరంలో అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి పూయాలి. కాసేపటికి ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. ఎంతసేపన్నది వేడినీ తేమనూ బట్టి మారుతుంది, సీసాతో వచ్చిన కాగితం చూడండి. అప్పుడు పొట్టిపోగు టవల్‌తో ఒకసారి, ఇంకో పొడి టవల్‌తో మరోసారి తుడవాలి. ఆలస్యమైతే అక్కడక్కడా మందంగా మిగిలి నల్లటి మరకల్లా గట్టిపడుతుంది. వీటినే హై స్పాట్స్ అంటారు, మర్నాటికి పాలిష్‌తో తప్ప పోవు. ప్రతి ప్యానెల్ అవగానే టార్చి వేసి పక్కనుంచి చూడటం ఇందుకే. 24 గంటలు నీళ్లు తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు. పూసిన గుడ్డలూ తుడిచిన టవళ్లూ ఉతికి దాచుకోవద్దు. వాటిలో ఆరిన కోటింగ్ గాజుపొడిలా గట్టిపడుతుంది. తెరిచిన సీసాలో మిగిలిన కోటింగ్ కూడా కొద్ది వారాల్లో చిక్కబడి పాడవుతుంది.

చక్రాలు, అద్దాలు, లోపల

చక్రాలకు ఘాటైన యాసిడ్ క్లీనర్లు అమ్ముతారు. లేబుల్ మీద హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గానీ అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ కనిపిస్తే ఇంట్లోకి తేవద్దు. చర్మంలోంచి లోపలికి దిగే విషాలవి. షాంపూ, ఐరన్ రిమూవర్, మెత్తటి బ్రష్ ఇంటి పనికి సరిపోతాయి. టైర్లు గోధుమరంగుకు తిరగడం మట్టివల్లే కాదు. రబ్బరు పగలకుండా అందులో కలిపిన రసాయనం పైకి తేలి గాలికి ఆ రంగు అవుతుంది. 1:4 క్లీనర్‌తో గట్టి బ్రష్ పెట్టి నురగ తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. అప్పుడే డ్రెస్సింగ్ (టైరుకు నలుపూ నిగారింపూ తెచ్చే పూత) అంటుకుంటుంది. నీటి ఆధారిత డ్రెస్సింగ్ ఎంచుకోండి, పలచగా పూసి పది పదిహేను నిమిషాల తర్వాత మిగిలింది తుడిచేయండి. తుడవకపోతే బండి కదలగానే డోర్ల మీద నల్ల చుక్కలు పడతాయి. రోడ్డుకు ఆనే భాగానికీ, పెడల్స్‌కూ, స్టీరింగ్‌కూ డ్రెస్సింగ్ పనికిరాదు. అవి జారితే ప్రమాదం.

ముందు అద్దం లోపలివైపు పట్టే మసకపొర డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వేడికి లేచే ఆవిర్ల వల్లే ఎక్కువ. రాత్రి ఎదుటి బండి లైటు పడితే అద్దమంతా వెలుగు పరుచుకునేది దీనివల్లే. క్లీనర్‌ను అద్దం మీద కాక గుడ్డ మీద కొట్టండి, ఒక గుడ్డతో తుడిచి, రెండో పొడి గుడ్డతో ముగించండి. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడిస్తే మిగిలిన చార ఏ వైపుదో వెంటనే తెలుస్తుంది. సన్ ఫిల్మ్ ఉంటే అమ్మోనియా లేని క్లీనరే వాడాలి. వెనక అద్దం మీది డీఫాగర్ తీగల వెంబడే గుడ్డ జరపాలి, అడ్డంగా గీకితే తెగుతాయి.

లోపల ముందు వాక్యూమ్, తర్వాతే తడి. దుమ్ము ఉండగా తడిపితే బురదై గుడ్డలోకి దిగుతుంది. సీటు గుడ్డ మీద క్లీనర్ కుమ్మరిస్తే ఫోమ్ దాకా దిగి ఆరక ముక్కిన వాసన వస్తుంది. 1:10 ద్రావణం బ్రష్ మీద కొట్టి మెల్లగా రుద్ది, వెంటనే పొడి టవల్ అదిమి పీల్చాలి, తలుపులు తీసి ఆరబెట్టాలి. కార్లలో లెదర్ సీట్ల మీద చాలావాటికి పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. నూనెలు పట్టించినా లోపలికి దిగవు, జిడ్డుగా మిగిలి మురికిని పట్టేస్తాయి. మెత్తటి క్లీనర్‌తో తుడుచుకుంటూ ఉంటే చాలు. టచ్ స్క్రీన్‌కు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన మైక్రోఫైబర్ ఒక్కటే నా ఎంపిక. ఆల్కహాల్, అమ్మోనియా దాని పైపూతను తీసేస్తాయి. డాష్‌బోర్డుకు తళతళలాడే సిలికాన్ స్ప్రేలు వద్దు. దాని మెరుపు ముందు అద్దంలో పడి కళ్లకు అడ్డొస్తుంది.

హెడ్‌లైట్లు పసుపెక్కితే టూత్‌పేస్టు రుద్దమని చెబుతుంటారు. కొద్దిగా తెల్లబడతాయి, నిజమే. కానీ పాలీకార్బొనేట్ మీదున్న యూవీ పూత అప్పటికే పోయింది, టూత్‌పేస్టు దాన్ని తిరిగి ఇవ్వదు, కొన్నాళ్లకే మళ్లీ పసుపు. 1000, 2000, 3000 గ్రిట్ నీటి కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ పట్టి, చివర యూవీ క్లియర్ పూత వేస్తేనే నిలబడుతుంది.

టవళ్ల ఉతుకు

మైక్రోఫైబర్‌ను నూలు బట్టలతో కలపొద్దు, నూలు నూగు పోగుల్లో చిక్కుకుని అద్దాల మీద రాలుతుంది. 40 డిగ్రీల లోపు నీళ్లలో, లిక్విడ్ డిటర్జెంట్‌తో, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ లేకుండా ఉతకాలి. సాఫ్ట్‌నర్ పోగులకు పూతలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు, అద్దాల మీద చారలు తెస్తుంది. ఇస్త్రీ వద్దు, డ్రయర్ అయితే తక్కువ వేడి మీదే. ఎక్కువ వేడికి పోగుల కొసలు గట్టిపడి గరుకవుతాయి. రంగును బట్టి పని విడదీసుకోండి: పెయింటుకు ఒక రంగు, అద్దాలకు ఒకటి, లోపలికి ఒకటి, చక్రాలకూ ఇంజిన్‌కూ పాతవి. చక్రాల గుడ్డలను మిగతావాటితో కలిపి ఉతకొద్దు, ఇనుప పొడి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళుతుంది. పెయింటుకు వాడే టవల్ పని మధ్యలో నేల మీద పడితే దులిపి మళ్లీ వాడకండి. పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి. ఉతికాక అరచేత్తో రుద్ది చూడండి. ఎక్కడైనా పలుకు తగిలినా, పోగులు బిరుసుగా అనిపించినా దాన్ని చక్రాల గుడ్డల్లో వేసేయండి.